పిప్పితో కరెంటు చేసే మారిషస్‌కు బొగ్గు ఎందుకు?

ప్రశ్న – బెల్లందిమ్మ (పాంప్లెమూస్, మారిషస్)

అందరికీ నమస్కారం. మేము మారిషస్ వచ్చి పద్నాలుగు నెలలయింది. ఉత్తరాన పాంప్లెమూస్ దగ్గర ఒక మేడ మీది వాటాలో అద్దెకు ఉంటున్నాం. మాది అనకాపల్లి. మా నాన్నగారికి బెల్లం గానుగ ఉండేది. క్రషర్ నుంచి వచ్చిన పిప్పిని కళ్లంలో ఎండబెట్టి, దాన్నే పెనం కింద వేసి రసం కాచేవారు. మా ఇంట్లో ఎవరూ కట్టెలు కొన్నట్టు నాకు గుర్తు లేదు. చెరకు తన పొయ్యి తానే తెచ్చుకుంటుందని నాన్నగారు అనేవారు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో బెల్ వ్యూ మిల్లు పొగగొట్టం చూపించి, అక్కడ చెరకు పిప్పితో కరెంటు చేసి దేశానికి ఇస్తారని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ రాత్రే నాన్నగారికి ఫోను చేసి చెప్పాను. ఆయన ఎంత సంబరపడ్డారో మాటల్లో చెప్పలేను.

మొన్న ఫిబ్రవరిలో పిల్లను బడి నుంచి తీసుకొస్తుంటే అదే గొట్టం నుంచి పొగ వస్తోంది. దారికి రెండు వైపులా చెరకు పచ్చగా నిలబడి ఉంది. "అమ్మా, ఎవరూ కోయలేదు కదా, మరి ఏం కాలుస్తున్నారు?" అని అడిగింది. తెలిసినవారిని అడిగితే బొగ్గు అన్నారు. ఇంత ఎండ, ఇంత గాలి, ఇంత చెరకు ఉన్న చోట సముద్రం దాటించి బొగ్గు తెచ్చుకోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. పిల్లకు ఏదో ఒకటి చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నాను.

మరొక సంగతి. మా ఇంటి యజమాని డాబా మీద సౌర పలకలు పెట్టిద్దామనీ, ఖర్చులో కొంత మమ్మల్ని భరించమనీ అంటున్నారు. మాకు ఇంకా రెండేళ్ల ఒప్పందం ఉంది. ఒప్పుకోవచ్చా?

జవాబు – బాయిలర్ గది (దక్షిణ మారిషస్)

అమ్మా, మీ అమ్మాయి చూపు సరిగ్గా చూడవలసిన చోట పడింది. నేను గోదావరి జిల్లాలో ఒక చక్కెర మిల్లులో పదకొండేళ్లు పనిచేశాను. తొమ్మిదేళ్లుగా ఇక్కడ దక్షిణాన, మిల్లును ఆనుకుని ఉన్న ఒక విద్యుత్ కేంద్రంలో బాయిలర్లు చూస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ నాన్నగారి పొయ్యికీ మా బాయిలర్‌కూ సూత్రం ఒకటే. టన్ను చెరకు ఆడితే సుమారు మూడు వందల కిలోల పిప్పి వస్తుంది. నాన్నగారు దాన్ని ఎండబెట్టేవారు, మాకు అంత కళ్లం లేదు. బరువులో సగం నీళ్లే ఉన్న పిప్పి మిల్లు నుంచి బెల్టు మీద నేరుగా పొయ్యిలోకి వస్తుంది. పాతకాలం మిల్లులు తక్కువ ఒత్తిడి ఆవిరితో చక్కెర పని గడుపుకుని, మిగిలిన పిప్పిని ఎలా వదిలించుకోవాలా అని చూసేవి. మారిషస్‌లో 1957లోనే సెంట్ ఆంత్వాన్ మిల్లు తన మిగులు కరెంటును గ్రిడ్‌కు ఇచ్చింది. 2000లో బెల్ వ్యూ, 2007లో సవానా కేంద్రాలు వచ్చేసరికి ఆవిరి ఒత్తిడి 82 బార్లకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఎనభై రెట్లకు, పెరిగింది. దానితో మిల్లు అవసరాలు తీరాక కూడా టన్ను చెరకుకు వంద యూనిట్లకు పైగా గ్రిడ్‌కు ఇవ్వగలిగారు. ఒక చిన్న దేశం చేసిన పెద్ద పని ఇది. ఇందులో నేనూ ఒక చెయ్యి వేశానని గర్వంగా ఉంటుంది.

ఇక బొగ్గు సంగతి. ఇక్కడ కోత జూన్, జూలై నెలల్లో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది. ఈ కాలాన్ని క్రియోల్ భాషలో 'లా కూప్' అంటారు. ఆ తరువాత ఆరు నెలలు పిప్పి రాదు. బాయిలర్, టర్బైన్ అవే ఉంటాయి, పొయ్యిలో వేసేది మాత్రం మారుతుంది. ఈ కేంద్రాలను మొదటి నుంచీ రెండు ఇంధనాలకూ సరిపోయేలా కట్టారు. ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉండే బాయిలర్ కోసం ఎవరూ అప్పు ఇవ్వరు కదా. అందుకని బొగ్గు పోర్ట్ లూయిస్ రేవులో దిగి, లారీల్లో మిల్లులకు వస్తుంది. ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచి తెస్తారు.

పిప్పిని దాచుకోవచ్చు కదా అంటారు. ఒక టన్ను బొగ్గు ఇచ్చే వేడి రావాలంటే మూడు టన్నులకు పైగా తడి పిప్పి కావాలి. దూదిలా తేలిక కాబట్టి కొండంత చోటు పడుతుంది. వాన తగిలితే కుళ్లుతుంది. లోపల పులిసి వేడెక్కుతుంది. ఇంటి దగ్గర పనిచేసినప్పుడు ఒక కుప్ప లోలోపల అంటుకుంటే రెండు రోజులు, రెండు రాత్రులు నీళ్లు కొట్టాం. పైన చూస్తే ఏమీ లేదు, కడ్డీ గుచ్చి తీస్తే కొన ఎర్రగా ఉంది. కొన్ని వారాలకు సరిపడా దాచగలం, ఆరు నెలలకు దాచలేం.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇది ద్వీపమని మనం ఊరికే అంటాం గానీ, ఆ మాటకు అసలు అర్థం గ్రిడ్ కంట్రోల్ గదిలో కూర్చుంటే తెలుస్తుంది. మన దగ్గర విజయవాడలో ఒక కరెంటు యంత్రం ఆగితే ఆ లోటు దేశమంతటా పంచుకుంటారు. ఇక్కడ తీరం దాటితే తీగ లేదు. ఈ క్షణం దీవిలో ఎంత వాడుతున్నారో అంతా ఈ క్షణమే దీవిలో పుట్టాలి. రాత్రివేళ డిమాండ్ మూడు వందల మెగావాట్ల చుట్టూ ఉన్నప్పుడు ముప్పై అయిదు, నలభై మెగావాట్ల యంత్రం ఒకటి ఆగిపోతే, దీవి కరెంటులో పదో వంతు ఒక్క దెబ్బతో పోయినట్టే. మిగతా యంత్రాలు ఆ బరువు వెంటనే ఎత్తుకోవాలి.

దీవి కరెంటులో సుమారు అయిదింట నాలుగు వంతులు బొగ్గు, చమురు నుంచే వస్తోంది. నీళ్లు, ఎండ, గాలి, పిప్పి, మేర్ షికోజ్ చెత్తదిబ్బ వాయువు అన్నీ కలిపితే మిగిలిన ఒక్క వంతు. 2030 నాటికి దాన్ని 60 శాతానికి పెంచి బొగ్గు పూర్తిగా మానేస్తామని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఆ మాట విన్న రోజు మా బాయిలర్ గదిలో అందరం పని ఆపి మాట్లాడుకున్నాం. ఎందుకంటే మేము చూస్తున్నది మరొకటి: పిప్పి ఏటేటా తగ్గుతోంది. 2010లో నలభై లక్షల టన్నులకు పైగా చెరకు కోశారు. ఈ మధ్య పాతిక లక్షలు అటూ ఇటూ. ఒకప్పుడు మొత్తం కరెంటులో ఆరో వంతు దాకా ఇచ్చిన పిప్పి ఇప్పుడు పదో వంతు దగ్గర ఉంది. డిసెంబరులో ఆఖరి చెరకు బండి వచ్చే తేదీ నేను నా డైరీలో రాసుకుంటాను. బొగ్గు బండి ముందుగా వచ్చిన ఏడాది మనసు బాగుండదు.

జవాబు – కోరంగి మనవడు (రివియేర్ ద్యు రాంపార్, మారిషస్)

నేను ఇక్కడే పుట్టినవాణ్ణి, అయిదో తరం. తెలుగు మహాసభ వారి సాయంకాలం తరగతుల్లో నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

మా వాళ్లను ఇక్కడ కోరంగివాళ్లు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చారని ఆ పేరు. 1839 తుపాను ఆ రేవును తుడిచిపెట్టింది. తరువాత నాలుగేళ్లకే, 1843లో, కోరింగా ప్యాకెట్ అనే ఓడ అక్కడినుంచి మనుషులను ఈ తుపానుల దీవికి తెచ్చింది. చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు చూసి ఉంటారు. అవి కొండలు కావు. పొలం కోసం కూలీలు చేత్తో ఏరి పేర్చిన రాళ్లు. మా తాతగారు ఒక గుట్టను చూపించి "ఇది మా నాన్న వీపు" అనేవారు.

బాయిలర్ గది గారు చెరకు ఎందుకు తగ్గిందో చెప్పలేదు. నేను చెబుతాను, ఎందుకంటే తగ్గించిన వాళ్లలో మా ఇల్లు కూడా ఉంది. 1975 నుంచి ఐరోపా మా చక్కెరను ముందే ఒప్పుకున్న మంచి ధరకు కొనేది. 2006 నుంచి కొన్నేళ్లలోనే ఆ ధరను 36 శాతం తగ్గించారు. 2017లో ఐరోపా తన చక్కెర ఉత్పత్తి మీద ఉన్న పరిమితులు కూడా తీసేసింది. పెద్ద ఎస్టేట్లు కరెంటు, ఆల్కహాలు, హోటళ్లు, ఇళ్ల స్థలాలు అంటూ దారులు వెతుక్కున్నాయి. ఒకప్పుడు ఇరవై దాకా మిల్లులు ఉన్న దేశంలో ఇప్పుడు మూడే మిగిలాయి. మాలాంటి రెండెకరాల రైతుకు దారి ఏది? మా పొలంలో రాళ్లు ఎక్కువ, యంత్రం దిగదు. కోతకు మనుషులు దొరకరు. మిల్లు దూరమయ్యేకొద్దీ లారీ ఖర్చు పెరిగింది. మా నాన్నగారు మూడేళ్లు నష్టానికే కోయించి, నాలుగో ఏడు వదిలేశారు.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, అన్నేళ్లూ పిప్పి విలువలో రైతుకు వచ్చింది చాలా స్వల్పం. కరెంటు బిల్లు కట్టేటప్పుడు దాని ధర మాకు తెలిసేది, చెరకు అమ్మేటప్పుడు తెలిసేది కాదు. ఈ మధ్య పిప్పికి ఇచ్చే ధర బాగా పెంచారు, అది మంచి పని. కానీ మా పొలంలో అప్పటికే చెట్లు లేచాయి. పక్క పొలంలో గోడ లేచింది. పదేళ్ల ముందు పెంచి ఉంటే మా నాన్నగారు ఇంకా కోయించేవారు.

మీ యజమాని సంగతి: ఖర్చు పంచుకునే ముందు మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. సీఈబీ, అంటే ఇక్కడి ప్రభుత్వ విద్యుత్ బోర్డు, మీటరు ఉన్నవారితోనే ఒప్పందం చేస్తుంది. మీరు వెళ్లిపోయాక పలకలు ఆయన డాబా మీదే ఉంటాయి. రెండేళ్ల అద్దెకు డబ్బు పెట్టవద్దు. బదులుగా అద్దెలో కొంచెం కలిపి, తగ్గిన బిల్లు మీకు వచ్చేలా కాగితం రాసుకోండి.

జవాబు – ఎండపలక (హైదరాబాద్)

నేను సౌర పలకలు బిగించే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. పై రెండు జవాబులూ గౌరవంతో చదివాను. అయినా పిప్పి కోసం ఇంత దిగులు ఎందుకో అర్థం కాలేదు. రెండువేల చదరపు కిలోమీటర్ల దీవి, పన్నెండు లక్షల పైచిలుకు జనం, అన్నీ సిమెంటు డాబాలు. ప్రతి డాబా మీదా పలకలు పరిస్తే పగటి అవసరం తీరిపోతుంది. ఆ చెరకు భూమిలో కూరగాయలు పండించుకోవచ్చు. బాయిలర్‌కు బొగ్గు, పిప్పి అనే రెండు దారులే ఉన్నట్టు ఎందుకు ఆలోచించాలి?

జవాబు – బాయిలర్ గది

ఎండపలక గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. పలకలు కావాలి, ఎన్ని వస్తే అంత మంచిదని నేను కూడా నమ్ముతాను. బాంబూ ఊరి దగ్గర 2014లో 15 మెగావాట్ల కేంద్రం వచ్చింది. హెన్రియెట్టాలో భారత్ సాయంతో 8 మెగావాట్ల కేంద్రానికి 2022 జనవరిలో పునాది వేశారు. ఇళ్ల మీద కూడా ఏటా పెరుగుతున్నాయి.

అయితే ఒక వేసవి సాయంత్రం మా గదిలో కూర్చోండి. ఇక్కడ వేసవి అంటే డిసెంబరు నుంచి మార్చి. ఏడు గంటలకు చీకటి పడుతుంది. ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, హోటళ్లలో వంటశాలలు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. అదే సమయానికి మీ పలకలు నిద్రపోతాయి. అప్పుడు పోర్ట్ లూయిస్‌లోని ఫోర్ట్ జార్జ్, సెంట్ లూయీ కేంద్రాల్లో చమురు ఇంజిన్లు పూర్తి బలంతో తిరుగుతాయి. పగలు మిగిలినదాన్ని రాత్రికి దాచే బ్యాటరీలు పెట్టాలి. పెట్టారు కూడా, కానీ ఇప్పటివి ఎక్కువగా తూకం నిలపడానికి. యంత్రం ఆగినప్పుడు, మబ్బు కమ్మినప్పుడు అరసెకనులో అందుకుంటాయి. రాత్రంతా దీవిని నడపలేవు.

తుపాను సంగతి మీకు అక్కడినుంచి తెలియదు. 1960లో నెలన్నర తేడాతో ఆలిక్స్, కెరోల్ అనే తుపానులు వచ్చాయి. కెరోల్ గాలి గంటకు 256 కిలోమీటర్ల దాకా వీచింది. మీరు మెచ్చుకున్న సిమెంటు డాబాలు ఆ దెబ్బ తరువాత వచ్చినవే. పలకను గాలికి లేవకుండా బిగించడం, నాలుగు రోజులు మబ్బు కమ్మి ఉన్నా ఆసుపత్రి నడవడం, ఈ రెండూ ఇక్కడ లెక్కలో ముందు ఉంటాయి. 2024 జనవరి 15న బెలాల్ తుపాను రోజు నేను డ్యూటీలో ఉన్నాను. పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోతున్నాయి. తెగిపోయిన లైన్లు, తిరిగి నిలబెట్టిన లైన్లు లెక్కపెట్టుకుంటూ ముప్పై గంటలు ఇంటికి వెళ్లలేదు. అలాంటి రోజున మబ్బుతో పనిలేకుండా తిరిగే బరువైన టర్బైను ఒకటి దీవిలో ఉండాలి. దానికి పొయ్యిలో ఏదో ఒకటి వేయాలి. నా వాదన ఇంతే: అది బొగ్గు కాకుండా ఉండాలంటే చెరకు బతకాలి, లేదా కాల్చడానికి మరో పంటో చెట్టో పెరగాలి. చెరకు పొలం పోతే పోయేది చక్కెర ఒక్కటే కాదు.

అమ్మా, మీ ఇంటి సంగతిలో కోరంగి మనవడు గారి మాటే నా మాట. పలకల కంటే ముందు డాబా మీద సౌర నీటి హీటరు ఉందో లేదో చూడండి. 2008లో దీనికి ప్రభుత్వం ఇంటికి పది వేల రూపాయలు ఇచ్చింది, చాలా ఇళ్లలో అప్పటివి ఉన్నాయి. మరమ్మతుకు తక్కువ ఖర్చవుతుంది. కరెంటు గీజరు సరిగ్గా ఆ సాయంత్రం ఏడు గంటలకే నడుస్తుంది కాబట్టి, దాన్ని మానేస్తే మీకూ లాభం, మాకూ ఊపిరి.

జవాబు – మంచినీటి పని (ఇప్పుడు విశాఖపట్నం)

నేను రెండేళ్లు రోడ్రిగ్స్‌లో నీటి పనుల మీద ఉన్నాను. మారిషస్‌కు తూర్పున అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో, నలభై మూడు వేల జనం ఉన్న చిన్న దీవి అది, ఆ దేశంలోదే. మారిషస్ గ్రిడ్ చిన్నదనుకుంటే, దాని ముందు ఇది చిటికెన వేలు. డీజిలు కూడా ఓడ మీద మారిషస్ నుంచి వస్తుంది. ఓడ ఆలస్యమైతే దుకాణాల్లో సరుకుతో పాటు ఇంధనం కోసం కూడా దిగులు మొదలవుతుంది.

అక్కడ గ్రెనాడ్ కొండ మీద గాలిమరలు చూశాను. తుపాను హెచ్చరిక వస్తే వాటిని స్తంభంతో సహా నేలకు వాల్చేస్తారు. తాళ్లు, వించి (తాడు చుట్టే యంత్రం) పట్టుకుని మనుషులు నెమ్మదిగా దించుతారు. గాలి తగ్గాక మళ్లీ నిలబెడతారు. మన ఊళ్లో హుద్‌హుద్ చూసినవాణ్ణి. అంత పొడుగు మర ఏనుగు మోకరిల్లినట్టు నేల మీద పడుకోవడం చూసి నిలబడిపోయాను. బతకాలంటే తలవంచాలని తెలిసినవాళ్లు కట్టిన యంత్రమది.

ఒక్క విషయం ఎవరూ అనలేదు, నీరు. రోడ్రిగ్స్‌లో వానలు చాలవు, సముద్రపు నీటిని మంచినీరుగా మారుస్తారు. వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు పోతుంది. అక్కడ కుళాయి తిప్పినా డీజిలు కాలుతుంది. నేను అక్కడే బకెట్ స్నానం అలవాటు చేసుకున్నాను, ఇప్పటికీ మానలేదు.

జవాబు – బెల్లందిమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ జవాబులన్నీ నిన్న రాత్రి మా అమ్మాయికి చదివి వినిపించాను. రాళ్ల గుట్ట దగ్గర ఆపమంది. ఈ ఉదయం బడికి వెళ్తూ దారిలో కనిపించిన ప్రతి గుట్టనూ లెక్కపెట్టింది.

కోరంగి మనవడు గారూ, 2020లో వకాషియో ఓడ పగడపు దిబ్బ ఎక్కి నూనె ఒలికినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా? చెరకు ఆకుతో నూనెను ఆపారని బడిలో చెప్పారట, నిజమా అని అడుగుతోంది.

యజమానితో మాట్లాడాం. డాబా మీద పాత నీటి హీటరు ఉంది, గాజు పగిలి మూడేళ్లుగా వాడటం లేదు. బాగుచేయిస్తానని ఒప్పుకున్నారు. పలకల ఖర్చు మేము పెట్టడం లేదు.

జవాబు – కోరంగి మనవడు

నిజమే పాపా. ఓడ జూలై 25న పాయింత్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టు 6న నూనె కారడం మొదలైంది, సుమారు వెయ్యి టన్నులు. మహేబూర్ ఒడ్డున మేము వందలమంది కూర్చుని, గుడ్డ సంచుల్లో ఎండిన చెరకు ఆకు కూరి, కుట్టి, పొడుగ్గా కట్టి నీళ్లలో తేలవేశాం. జుట్టు కూడా ఇచ్చారు జనం. ఆ ఓడ మన దీవికి నూనె తెచ్చినది కాదు, ఖాళీగా దారిన పోతున్నది. ఒలికింది అది కాల్చుకునే నూనె. మా ఆవిడ చేతులకు నల్లరంగు పది రోజులు పోలేదు. ఆకు ఇచ్చిన పొలం ఎవరిదో నాకు తెలుసు, వాళ్లు ఇంకా కోయిస్తున్నారు.

జవాబు – బాయిలర్ గది

అమ్మా, కోత మొదలయ్యాక అమ్మాయిని తీసుకుని మా కేంద్రానికి రండి. బడి పిల్లలను చూడనిస్తారు. ముందుగా బడి నుంచి ఒక ఉత్తరం రాయించండి. ఆగస్టు అయితే మంచిది, పిప్పి కుప్ప నిండుగా ఉంటుంది. కాళ్లు కప్పే బూట్లు వేయండి, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, పిప్పి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీ నాన్నగారు ఆ సమయానికి ఇక్కడికి వచ్చేటట్టయితే ఆయనను కూడా తీసుకురండి. తడి పిప్పిని ఎండబెట్టకుండా ఎలా మండిస్తున్నామో నేనే దగ్గరుండి చూపిస్తాను.